పద్నాలుగో అంతస్తులో ఆరుగురు

"అత్తయ్యా, మూత మాత్రం వెయ్యకండి!"

స్ట్రెచర్ మీద ఆపరేషన్ గదిలోకి వెళ్తూ మా కోడలు నాతో అన్న ఆఖరి మాట అది. మీ అబ్బాయికి ఫోన్ చేశారా అని అడగలేదు, భయంగా ఉందని చెప్పలేదు. అంతకుముందు తన చేతిలోని రెండు తెరల వీడియో ఆటపెట్టె మూత తెరిచే నా చేతిలో పెట్టింది, గళ్ళ నోటుబుక్కులో ఒక పేజీ తెరిచి పెన్సిల్ గుర్తు మీద వేలు పెట్టి చూపించి, దాన్ని నా చంకలో దోపింది.

"ఇక్కడున్నాం. ఇదిగో, ఈ తలుపు దగ్గర మాత్రమే సేవ్ అవుతుంది. బ్యాటరీ అరగంట వస్తుందో రాదో. ఆరుగుర్నీ తలుపు దాకా తీసుకెళ్ళండి."

"నేనా?" అన్నాను.

"ఇంకెవరున్నారు అత్తయ్యా ఇక్కడ?"

నిజమే, ఎవరూ లేరు. వాళ్ళమ్మ కాగితాల మీద సంతకాలు పెట్టడానికి కింద కౌంటర్ దగ్గరికి వెళ్ళింది. మావాడు రైల్లో ఉన్నాడు, దిగడానికి ఇంకా మూడు గంటలు. మామూలు పరీక్షకని పొద్దున వచ్చాం. డాక్టరమ్మ లోపలి బిడ్డ గుండె చప్పుడు రెండుసార్లు విని, మూడోసారి వింటూ ముఖం మార్చేసింది. పది నిమిషాల్లో స్ట్రెచర్ వచ్చింది. ఆ పది నిమిషాలూ మా కోడలు ఆ డబ్బా నొక్కుతూనే ఉంది. ఇప్పుడు తలుపులు మూసుకున్నాయి, నేను నడవాలో నిలబడి ఉన్నాను, చేతిలో వెలుగుతున్న డబ్బాలోంచి ఆరుగురు నావైపు చూస్తున్నారు.

నా సంగతి కొంచెం చెప్పాలి. లేకపోతే ఆ పిల్ల ఆ డబ్బాని పోయి పోయి నా చేతికివ్వడం ఎంత విడ్డూరమో మీకు అర్థం కాదు.

నాలుగు నెలల కిందట డాక్టరమ్మ ఆమెని మంచం దిగొద్దంది. రోజంతా కప్పు చూస్తూ పడుకోవాలంటే ఎవరికైనా పిచ్చెక్కుతుంది కదా, మావాడు ఈ ఆట కొనిచ్చాడు. చిన్నప్పుడు ఆమె ఆడిన ఆట వేరు, వాడు ఆడిన ఆట వేరు. ఆమె ఆటలో బడిపిల్లలు దయ్యాల్ని తరుముతారు. వాడి ఆటలో కవచాలవాళ్ళు కోటలు పట్టుకుంటారు. ఈ కొత్త ఆటలో ఆ రెండు ఆటల మనుషులూ ఒకే నేలమాళిగలో వచ్చి పడ్డారు. ఇటు ముగ్గురు, అటు ముగ్గురు, కలిసి ఒక్కో అంతస్తూ దిగుతూ పోవాలి. దారి ఎలా ఉందో ఆట చెప్పదు. నడుస్తున్నవాళ్ళే అడుగులు లెక్కపెట్టుకుని మ్యాపు గీసుకోవాలి.

నాకు ఒళ్ళు మండేది. కడుపుతో ఉన్న మనిషి దయ్యాలతో కొట్లాడ్డమేమిటని సణిగేదాన్ని. ఒకరోజు భోజనం చల్లారిపోతోందని మూడుసార్లు పిలిచి, నాలుగోసారి ఆ డబ్బా లాక్కుని మూత టప్పున వేసేశాను. పాత డబ్బా, మూత వేస్తే ఆరిపోతుందని నాకేం తెలుసు? లాగినప్పుడు మంచం కోడుకి తగిలి కింది తెర కూడా పగిలింది. పైగా ఆమె ఆడుతున్నది అన్నిట్లోకీ కఠినమైన పద్ధతట. సేవ్ కాకుండా ఆరిపోయినా, ఆరుగురూ పడిపోయినా మొత్తం తుడిచిపెట్టుకు పోతుంది. మూడు వారాల ఆట, తొమ్మిది అంతస్తులు పోయాయి. నన్నొక్క మాట అనలేదు ఆ పిల్ల. గోడవైపు తిరిగి ఏడ్చింది. తొమ్మిది రోజులు నాతో ఊ, ఊహూ తప్ప మాట్లాడలేదు. తరవాత ఒకటో అంతస్తు నుంచి మళ్ళీ మొదలుపెట్టింది, పగిలిన తెర మీద మ్యాపు గీయడం కుదరక నోటుబుక్కులో గీసుకుంటూ. తప్పయిపోయిందని చెబుదామని ఎన్నిసార్లు ఆ గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి వచ్చానో లెక్కలేదు. తిట్టడం వచ్చినంత బాగా క్షమించమనడం రాదు నా నోటికి.

అలాంటిది, కడుపు కోయించుకోవడానికి వెళ్తూ ఆ పిల్ల వాళ్ళని నా చేతిలో పెట్టి వెళ్ళింది. ఈసారి కూడా చంపేశానంటే ఇక ఆమె ముఖం చూడలేను. ఇంకో మాట కూడా చెప్పేస్తాను, మీరు నవ్వినా సరే. ఈ ఆరుగురూ గట్టెక్కితే లోపలున్న ఇద్దరూ గట్టెక్కుతారని నా మనసు ఆ నడవాలోనే ముడి వేసేసుకుంది.

మా వియ్యపురాలు మెట్లెక్కి ఆయాసపడుతూ వచ్చేసరికి నేను డబ్బాని గిన్నెడు వేడినూనె పట్టుకున్నట్టు రెండు చేతుల్తో పట్టుకుని కూర్చున్నాను.

"లోపలికి తీసుకెళ్ళిపోయారా? ఏమన్నా అందా నాతో చెప్పమని?"

"మూత వెయ్యొద్దంది."

"ఏం మూత?"

చెప్పాను. ఆవిడ నావైపు చూసింది, తలుపువైపు చూసింది. "ఈ టైంలో ఆటేమిటి వదినగారూ! నా బిడ్డ లోపల అలా ఉంటే!"

"లోపల మనం చేసేదేమన్నా ఉందా వదినగారూ? మీరు కత్తి పట్టుకుంటారా, నేను దారం పడతానా? మీ అమ్మాయి మనకొక పని చెప్పి వెళ్ళింది. చేద్దామా, వద్దా?"

ఆవిడ ఆడవాళ్ళకి కారు నేర్పే స్కూలు నడుపుతుంది. ఇరవై రెండేళ్ళుగా పక్క సీట్లో కూర్చుని పరాయివాళ్ళ తప్పులకి బ్రేకు వేసిన మనిషి. తన చేతికి స్టీరింగ్ ఇస్తానంటే కాదనలేదు. కళ్ళు తుడుచుకుని నా పక్కన కూర్చుంది.

"ఇటివ్వండి. బటన్లు నేను చూసుకుంటా. దారి మీరు చెప్పండి. ముందే చెప్పాలి, మలుపు దగ్గరికొచ్చాక కాదు."

డబ్బా పక్కన చిన్న దీపం పసుపుపచ్చగా వెలుగుతోంది. పైతెరలో రాతిగోడల దారి, దాని కింద వరసగా ఆరు ముఖాలు, ఒక్కో ముఖం కింద ఒక పచ్చగీత. ఆ గీత వాళ్ళ ప్రాణం. పేర్లు చదివే ఓపిక మాకు లేదు, కనబడ్డట్టే పిలుచుకున్నాం. మా కోడలి ఆట తాలూకు ముగ్గురు: కళ్ళజోడు పిల్ల, సైకిల్ చైను కుర్రాడు, ఒక పిల్లి. మావాడి ఆట తాలూకువాళ్ళు: నిలువెల్లా కవచం తొడుక్కున్న ఒకాయన, మందులావిడ, విలుకాడు. ఆ కవచం ఆయనకి ఇనప్పెట్టె అని పేరు పెట్టాను.

మ్యాపులో తలుపు యాభై ఎనిమిది గళ్ళ దూరంలో ఉంది. "పది అడుగులు నేరుగా, తరవాత కుడి," అన్నాను. ఆవిడ పోనిచ్చింది. ఆరడుగులు వేశామో లేదో గోడలోంచి మూడు బురద బొమ్మలు ఊడిపడ్డాయి.

ఇద్దరం కలిసి కెవ్వుమన్నాం. ఎదురుగా మందుల కిటికీలోంచి ఒకమ్మాయి తల బయటికి పెట్టి చూసింది.

తెర మీద దాడి, కాపు, మందు, జంట, పారిపో అని రాసుంది. ఎవరి పని వాళ్ళకి చెప్పాలి. మా వియ్యపురాలు తన పిల్లలు ముగ్గురికీ కాపు పెట్టి, మా వాళ్ళు ముగ్గుర్నీ దాడికి పంపింది.

"అదేమిటి వదినగారూ, మీవాళ్ళు గొడుగు కింద, మావాళ్ళు వానలోనా?"

"మీ వాళ్ళకి కవచాలున్నాయి కదండీ. మా పిల్లలు యూనిఫాంలో ఉన్నారు."

"మందులావిడకేం కవచం ఉంది? ఆవిడ చేతిలో సంచి తప్ప ఏమీ లేదు!"

ఈ మాటల్లో ఉండగానే బురద బొమ్మ మందులావిడని కొట్టింది. పచ్చగీత సగానికి పడింది. పెళ్ళిలో కూడా మేం ఇంత పోట్లాడుకోలేదు. అప్పుడు నేనే గమనించాను, జంట అన్న మాట మీద వెలుగు పడుతోంది, ఇటువాళ్ళొకరు, అటువాళ్ళొకరు ఒకేసారి ఎంపికైతేనే. ఇద్దరూ ఇటువాళ్ళే అయితే అది వెలగదు. "కళ్ళజోడు పిల్లనీ, ఇనప్పెట్టెనీ కలపండి!" అన్నాను. ఆవిడ నొక్కింది. ఇనప్పెట్టె డాలు నేలకేసి కొట్టాడు, ఆ పిల్ల డాలు మీదికెక్కి పైనుంచి మెరుపు విసిరింది. మూడు బొమ్మలూ ఒక్క దెబ్బకి కరిగిపోయాయి.

"అబ్బో!" అంది మా వియ్యపురాలు. నా భుజం మీద ఒక్కటిచ్చింది. ఆ దెబ్బ మర్నాటి దాకా నొప్పి పెట్టింది.

ఇక చూడండి మా జోరు. నేను మ్యాపు చదువుతూ "ఎడమ, నాలుగు, కుడి, రెండు" అంటున్నాను, ఆవిడ "క్లచ్చు, గేరు" అని అలవాటు కొద్దీ గొణుగుతూ పోనిస్తోంది. నడవా తుడిచే ఆయా తుడుపుకర్ర పట్టుకుని మా వెనకే నిలబడిపోయింది. ఒక గబ్బిలాల గుంపుని కొట్టాం. ఒక తాళం పెట్టెని తెరవకుండా వదిలేశాం, ఆశకి పోతే ఉన్నది పోతుందని. నలభై ఏడేళ్ళ వయసులో నా ఒంట్లో ఇంత ఉత్సాహం ఎక్కడ దాక్కుందో నాకే తెలీదు. తలుపు ఇంకా పంతొమ్మిది గళ్ళు.

ఇల్లలకగానే పండగ కాదని ఊరికే అన్నారా? లోపలినుంచి ఒక నర్సు పరుగున వచ్చి, ఏదో సంచి తీసుకుని మళ్ళీ పరుగున లోపలికి వెళ్ళింది. మేమిద్దరం తలలెత్తాం. తల దించేలోపల మా వియ్యపురాలి వేలు ఒక అడుగు ఎక్కువ వేసింది. మ్యాపులో ఆ గడిలో మా కోడలు పెద్ద అడ్డగుర్తు పెట్టి ఉంది. నేల విరిగింది. ఆరుగురూ కిందికి జారిపోయారు.

పదిహేనో అంతస్తు. నోటుబుక్కు పేజీ తిప్పాను. తెల్లగా ఉంది.

"నేను తొక్కేశా," అంది ఆవిడ. ముఖం పాలిపోయింది. "ఇరవై రెండేళ్ళలో ఒక్కర్ని కూడా గుంటలో పడనివ్వలేదు వదినగారూ. నా బిడ్డ బొమ్మల్ని నేనే పడేశా."

"పడ్డాం సరే, లేద్దాం. మెట్లు ఎక్కడో ఒకచోట ఉంటాయి. మీరు నడపండి, నేను గీస్తా."

గీయడం నాకు చెప్పాలా? ముప్పై ఏళ్ళుగా రబ్బరు స్టాంపులు చేతితో చెక్కుతున్న దాన్ని. బియ్యపుగింజంత చోటులో ఆఫీసు పేరూ, నంబరూ, సంతకమూ ఇరికించే చెయ్యి ఇది. మా ఆయన దుకాణం ముందు కూర్చుని మాటలు చెబుతాడు, పని వెనక నాది. పెన్సిల్ తీసుకుని పేజీ పైన పదిహేను అంకె వేశాను. ఆవిడ చెబుతోంది, "ఎడమకి తిరిగా. మూడు. గోడ. కుడికి. అయిదు. ఇక్కడేదో గుంట. పక్కనుంచి పోతున్నా. ఎడమ, రెండు." నా చెయ్యి తలెత్తకుండా గీసుకుంటూ పోతోంది.

అక్కడి దయ్యాలు పైవాటి కంటే రెండింతలు. మంచుతో చేసిన ఎద్దొకటి ఎదురైంది. అది ఒక్కసారి బుసకొట్టేసరికి పిల్లి, విలుకాడు పడిపోయారు. మందులావిడ సైకిల్ చైను కుర్రాడికి మందిచ్చి, తనకి మిగుల్చుకోకుండా పడిపోయింది. చివరికి ఆ కుర్రాడూ పడ్డాడు, కానీ ఎద్దు కూడా పడింది. పడినవాళ్ళ ముఖాలు బూడిదరంగుకి తిరిగాయి. "చచ్చిపోయారా?" అని మా వియ్యపురాలు నా మోచెయ్యి పట్టుకుంది. వెనకనుంచి ఆయా అంది, "లేదమ్మా, మూర్ఛ అని రాసుంది చూడండి. తలుపు దగ్గరికి చేరితే లేస్తారేమో." ఆయాకి మా కంటే బుర్ర చురుగ్గా పనిచేస్తోంది.

ఇక మిగిలింది కళ్ళజోడు పిల్ల, ఇనప్పెట్టె. దారి అక్కడితో మూసుకుపోయింది. అప్పుడే పక్క దీపం ఎర్రగా మారింది.

"వెనక్కి పోదాం," అన్నాను. "రెండో కూడలిలో ఇంకో దారి వదిలేశాం. రెండడుగులు వెనక్కి, తరవాత ఎడమ."

"ఎడమ గోడండీ."

"గోడ కాదు, దారి. గీశాను కదా."

"వదినగారూ, నా ఎదురుగా గోడ కనబడుతోంటే దారి ఎలా పోతుంది?"

"మీరు సరిగ్గా చెప్పి ఉండరు!"

"నేనా? ఎడమా కుడీ చెప్పడం నా బతుకుతెరువండీ! మీరే సరిగ్గా గీసి ఉండరు!"

ఎర్రదీపం ఆరుతూ వెలుగుతూ ఉంది. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నా గీత తప్పడమేమిటి? ఇన్నేళ్ళలో ఒక్క స్టాంపు వెనక్కి రాలేదు. ఆవిడ విసురుగా నోటుబుక్కు తన వైపు లాక్కుని చూసింది.

"ఇదేమి అంకె వదినగారూ?" అని పేజీ పైభాగం చూపించింది.

నేను వేసిన పదిహేను. అయిదు ముందుంది, ఒకటి వెనక ఉంది. ఆ అయిదు కూడా వెనక్కి తిరిగి ఉంది. గుంట అని రాసిన మాట అద్దంలో చూసినట్టు ఉంది. స్టాంపు మీద ఏదైనా తిరగేసి చెక్కితేనే కాగితం మీద సరిగ్గా పడుతుంది, నా చెయ్యి తన అలవాటున తాను స్టాంపు చెక్కేసింది. ఆవిడ ఎడమ అన్నదల్లా నేను కుడికి గీశాను, కుడి అన్నదల్లా ఎడమకి. తల వంచుకుని పనిలో పడితే ఈ చెయ్యి ఇంకోలా గీయదు, గీయలేదు.

నాకు ఏడవాలో నవ్వాలో తెలీలేదు. ఆయా మాత్రం నవ్వింది. మా వియ్యపురాలు కంగారుగా "ఇప్పుడు ఇదంతా మళ్ళీ గీయాలా? టైం లేదు కదండీ!" అంది.

"గీయక్కర్లేదు!" అని దాదాపు అరిచాను. "తిరగేసింది చదవడం నాకంటే బాగా ఎవరికి వచ్చు? ఇది అచ్చు వెయ్యని స్టాంపు, అంతే. నడపండి. ఆగకండి. కుడి! ఇప్పుడు మూడు. ఎడమ. గుంట మీ కుడి పక్కన వస్తుంది, చూసుకోండి. వచ్చిందా?"

"వచ్చింది! వచ్చింది!"

"అయిదు. మళ్ళీ ఎడమ. ఇదీ మనం వదిలేసిన దారి."

నా కళ్ళు కాగితం మీద, నోరు ఆవిడ చెవిలో. ఒక్క అడుగు తప్పలేదు. ఆ దారి చివర మెట్లున్నాయి. మేం ఎక్కిన ఎక్కుకి, నిజం మెట్లయితే కాళ్ళు విరిగి ఉండేవి. పద్నాలుగో అంతస్తుకి, మా కోడలి మ్యాపులోకి, ఆమె గుండ్రంగా స్పష్టంగా గీసిన గళ్ళలోకి వచ్చి పడ్డాం. తలుపు ఎదురుగా కనబడుతోంది, నీలం వెలుగుతో. పదకొండు అడుగులు.

సరిగ్గా అప్పుడు ఆపరేషన్ గది తలుపు తెరుచుకుంది.

"బిడ్డ పుట్టింది. ఆడపిల్ల. బాగుంది," అంది నర్సు. "ఒకరు రండి చూపిస్తాను, త్వరగా."

మా వియ్యపురాలు లేచి నిలబడింది. "మరి మా అమ్మాయి?"

"కొంచెం రక్తం ఎక్కువ పోతోంది. డాక్టర్ చూస్తున్నారు. ఒకరే రండి."

ఆవిడ నావైపు చూసింది. నాకూ వెళ్ళాలని ఉంది. ఉండదా మరి? నా కొడుకు బిడ్డ, నా ఇంట్లో నాలుగు నెలలుగా గోడ అవతల పెరిగిన బిడ్డ. కానీ లోపల రక్తం పోతున్నది ఆవిడ కన్నపిల్లకి. పైగా ఆ పిల్ల నాకు చెప్పిన పని ఇక్కడ ఇంకా పదకొండు అడుగులు మిగిలి ఉంది.

"మీరు వెళ్ళండి. మీ పిల్లకి మీరు కనబడాలి. ఇటివ్వండి అది."

"మీకు బటన్లు రావు కదండీ!"

"చూస్తూనే ఉన్నాగా. వెళ్ళండి!"

ఆవిడ డబ్బాని నా చేతుల్లో పెట్టి, నా వేళ్ళు తీసి బటన్ల మీద ఒక్కొక్కటే సర్దింది. తన దగ్గర కొత్తగా చేరినవాళ్ళకి కూడా అలాగే సర్దుతుందనుకుంటాను. తరవాత పరుగెత్తింది.

నేను నడిచాను. ఒకటి, రెండు, మూడు. ఎర్రదీపం గబగబా కొట్టుకుంటోంది. నాకు లోపలి మాటే చెవుల్లో ఉంది, రక్తం ఎక్కువ పోతోంది, రక్తం ఎక్కువ పోతోంది. ఏడు, ఎనిమిది. తొమ్మిదో అడుగులో తెర నల్లబడి మళ్ళీ వెలిగింది. మూలిగే నక్క మీద తాటిపండంటే ఇదే. మంచు ఎద్దు, మళ్ళీ.

కళ్ళజోడు పిల్ల గీత గోరంత ఉంది. ఇనప్పెట్టెది వేలంత. పారిపోతే వెనక్కి తీసుకెళ్ళి పడేస్తుంది, మళ్ళీ నడిచేసరికి బ్యాటరీ ఉండదు. మందిచ్చే మనిషి మూర్ఛలో ఉంది. కాపు పెడితే ఒక దెబ్బ ఆగుతుంది, రెండో దెబ్బకి ఇద్దరూ పోతారు. జంట కొట్టాలి. అది కూడా ఆ ఎద్దు బుసకొట్టకముందే కొట్టాలి, తప్పిందంటే అయిపోయినట్టే.

"కొట్టండమ్మా!" అంది ఆయా నా చెవిలో.

"కొడుతున్నా ఉండు! ఒరేయ్ ఇనప్పెట్టే, ఆ పిల్లని ఒక్కసారి ఎత్తరా నాయనా!" అని నడవా అంతా వినబడేలా అరిచి జంట నొక్కాను.

వాడు డాలు నేలకేసి కొట్టాడు. ఆ పిల్ల ఎక్కింది. మెరుపు ఎద్దు కొమ్ముల మధ్య పడింది. అది ఒక్క క్షణం అలాగే నిలబడింది, నా ప్రాణం కూడా నిలబడింది. తరవాత దాని మంచు పగిలి ముక్కలై రాలిపోయింది. ఆయా తుడుపుకర్ర కింద పడేసి చప్పట్లు కొట్టింది. నేను కూర్చున్నచోటి నుంచి లేచేశాను. పది. పదకొండు. తలుపు తెరుచుకుంది.

సేవ్ చేయాలా అని అడిగింది. అవును, కాదు. వెలుగు కాదు మీద ఉంది. ఆ డబ్బా తయారుచేసినవాళ్ళు ఎదురైతే వాళ్ళకి నాలుగు వడ్డించి ఉండేదాన్ని. వేలు జాగ్రత్తగా పక్కకి జరిపి, అవును మీదికి వచ్చిందని రెండుసార్లు చదువుకుని, నొక్కాను. ఒక చక్రం తిరిగింది. తిరుగుతూనే ఉంది. దీపం కొట్టుకుంటూనే ఉంది. చక్రం ఆగి, భద్రం అన్న మాట వచ్చింది. బూడిదరంగు ముఖాలు నాలుగూ ఒక్కొక్కటే రంగు తేలి కళ్ళు తెరిచాయి. ఆరుగురూ వరసగా నిలబడ్డారు. నేను వాళ్ళని సరిగ్గా చూసుకునే లోపలే డబ్బా ఆరిపోయింది.

తరవాతి గంటన్నర గురించి ఏమీ చెప్పను. మా వియ్యపురాలు బయటికి వచ్చి బిడ్డ ముక్కు గురించి రెండు మాటలు చెప్పి, మూడో మాట చెప్పలేక నా భుజం మీద తల పెట్టేసింది. ఇద్దరం డబ్బాని మధ్యలో పెట్టుకుని కూర్చున్నాం. ఆయా నీళ్ళు తెచ్చి ఇచ్చింది. చివరికి డాక్టరమ్మ టోపీ తీస్తూ బయటికి వచ్చి, "ఆగింది. ఇక భయం లేదు," అంది. మేం ఆవిడకి దండం పెట్టామో, ఆవిడ చేతులు పట్టుకున్నామో గుర్తు లేదు.

వార్డులో మా కోడలు సున్నం కొట్టిన గోడలా తెల్లగా ఉంది. పక్కన గుడ్డలో బిడ్డ. నన్ను చూసి పెదవులు కదిపింది. నేను వంగాను.

"అత్తయ్యా. మావాళ్ళు?"

డబ్బా చూపించాను. నల్లటి తెర. ఆమె దానివైపు చూసింది, నావైపు చూసింది. నేను ఆమె చేతికి ఇంతకుముందు కూడా ఇలాంటి తెరే ఇచ్చానని ఇద్దరికీ గుర్తొచ్చింది. అప్పుడు కూడా ఏం కాలేదులే అనే అన్నాను.

"సేవ్ అయింది," అన్నాను. "ఆరుగురూ ఉన్నారు. ముందొకసారి గుంటలో పడ్డాం, నలుగురు మూర్ఛపోయారు, కానీ లేచారు. నేను కళ్ళారా చూశాను." ఇక ఆపుకోలేక అసలు మాట అనేశాను. "ఆ రోజు నేను చేసింది తప్పమ్మా. చాలా పెద్ద తప్పు. అప్పుడే చెప్పాల్సింది."

చార్జర్ తెప్పించమని అడుగుతుందనుకున్నాను, ఆన్ చేసి చూస్తే తప్ప నమ్మదనుకున్నాను. నమ్మకపోయినా తప్పులేదు. ఆమె డబ్బా వైపు మళ్ళీ చూడనైనా లేదు. సూదులు గుచ్చిన చేతిని మెల్లగా జరిపి, బిడ్డ ఉన్న గుడ్డని నావైపు నెట్టింది.

"దీన్ని కూడా మీరే పట్టుకోండి అత్తయ్యా. నేను కాస్త నిద్రపోతాను."

అని కళ్ళు మూసుకుంది. రెండు నిమిషాల్లో నిజంగానే నిద్రపోయింది, నోరు కొంచెం తెరిచి. నేను బిడ్డని ఎత్తుకుని మంచం పక్కన నిలబడ్డాను. కూర్చుంటే బిడ్డ లేస్తుందేమోనని కూర్చోలేదు. కళ్ళ నీళ్ళు తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు, కారనిచ్చాను.

"ఎడమ చెయ్యి కాస్త పైకి, వదినగారూ," అని గుసగుసగా అంది మా వియ్యపురాలు. "ఊ, అలాగే."